బ్రేకు బూస్టరు: పాదబలం మాస్టర్ సిలిండరును చేరు విధానం

వాహనాన్ని నడిపించుట ఒక విద్య. దానిని కోరినచోట, కోరినంత దూరంలో ఆపుట అంతకంటె కఠినమైన విద్య. ఇంజనును గురించి నాలుగు మాటలు చెప్పగల విద్యార్థులు మనలో చాలామంది ఉన్నారు. కాని డ్రైవరు పాదం కింద మొదలైన కొద్దిపాటి బలం టన్నుల బరువుగల వాహనాన్ని ఏ విధంగా నిలబెట్టుచున్నదో అడిగితే తడుముకోని వారు అరుదు. ఈ వ్యాసంలో ఆ మార్గంలోని ఒక ముఖ్యమైన మజిలీని, అనగా పెడలుకూ మాస్టర్ సిలిండరుకూ మధ్య అమర్చబడు బ్రేకు బూస్టరును, మేము వివరింపదలచినాము.

మన తిరువూరు పట్టణం విజయవాడ నుండి మైలవరం మీదుగా కొత్తగూడెం, భద్రాచలం దాటి ఛత్తీస్‌గఢ్‌లోని జగదల్‌పూర్ వైపు సాగే జాతీయ రహదారిపై ఉన్నది. పూర్వం 221 అను సంఖ్యతో పిలువబడిన ఈ రహదారికి ఇప్పుడు 30 అను సంఖ్య కలదు. మామిడికాయల కాలంలో నున్న మార్కెట్టుకు పోవు చిన్న లారీలు, కూలీలను ఎక్కించుకొని పోవు జీపులు, భద్రాచల యాత్రికుల కార్లు, ఆర్.టి.సి. బస్సులు ఇవన్నీ పగలూ రాత్రీ మన కళ్లముందు పోవుచున్నవే. వీటిలో కార్లకు, జీపులకు, తేలికపాటి సరకు వాహనాలలో ఎక్కువ భాగానికి బూస్టరే ఆధారం. మనలో కొందరి తండ్రులు, అన్నలు ఈ వాహనాలనే నడుపుతూ కుటుంబాలను పోషించుచున్నారు. కనుక ఈ విషయం పరీక్షలకు పనికివచ్చే పాఠం మాత్రమే కాదు, మన ఇంటివారి ప్రాణాలకు సంబంధించినది కూడా.

మాస్టర్ సిలిండరు – పాస్కల్ సూత్రం

బూస్టరును తెలుసుకొనుటకు ముందు అది ఎవరికి సేవ చేయుచున్నదో తెలియవలెను. ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడు బ్లేజ్ పాస్కల్ (1623–1662) ద్రవాల సమతాస్థితిపై వ్రాసిన గ్రంథం ఆయన మరణించిన మరుసటి సంవత్సరం, 1663లో, వెలువడినది. మూసి ఉంచిన ద్రవంలో ఒకచోట కలిగించిన పీడనం తగ్గకుండా అన్ని దిక్కులకు వ్యాపిస్తుందన్నది ఆయన సూత్రం. తెలుగులో 'పీడనం' అన్నా, ఉర్దూలో 'దబావ్' అన్నా, భావం ఒకటే: ప్రమాణ వైశాల్యంపై పడు బలం.

మాస్టర్ సిలిండరు ఒక చిన్న గొట్టం. దానిలో పిస్టను ఉంటుంది. మన పాఠ్యపుస్తకాలు దీనినే ముషలకం అన్నవి. పైన బ్రేకు ఆయిలు నిలువ ఉండు చిన్న తొట్టి ఉంటుంది. పిస్టను కదలక ముందు తొట్టికీ సిలిండరుకూ ఒక సన్నని రంధ్రం ద్వారా రాకపోకలు ఉంటాయి. పిస్టను కొద్దిగా ముందుకు జరుగగానే దాని రబ్బరు వాషరు ఆ రంధ్రాన్ని దాటి మూసివేస్తుంది. అప్పుడు ముందున్న ఆయిలుకు తప్పించుకొనే దారి లేక పీడనం పెరుగుతుంది. ఆ పీడనం లోహపు పైపుల ద్వారా నాలుగు చక్రాలకు చేరి, అక్కడి పెద్ద పిస్టన్లను నెట్టి, బ్రేకు షూలను డ్రమ్ములకు గాని, ప్యాడ్లను డిస్కులకు గాని అదుముతుంది.

ఆధునిక వాహనాలలో ఒకే సిలిండరులో ఒకదాని వెనుక ఒకటి రెండు పిస్టన్లు ఉంటాయి. ఒక్కొక్కటి రెండేసి చక్రాలకు ఆయిలును పంపుతుంది. ఒక వైపు పైపు పగిలినా రెండవ వైపు కొంత బ్రేకు మిగిలి ఉండుటకే ఈ ఏర్పాటు.

ద్రవపీడనంతో పనిచేయు బ్రేకులను అమెరికాకు చెందిన మాల్కమ్ లాకీడ్ రూపొందించగా, 1921లో డ్యూసెన్‌బర్గ్ కార్లలో అవి నాలుగు చక్రాలకు అమర్చబడినవి. అంతకు పూర్వం కడ్డీలు, తీగెలే బ్రేకులను లాగుచుండెడివి. వాటిలో ఒక చక్రానికి ఎక్కువ, మరొక చక్రానికి తక్కువ బలం చేరి బండి పక్కకు లాగుట సాధారణంగా జరిగేది. పాస్కల్ సూత్రం ఆ ఇబ్బందిని తీర్చినది.

బూస్టరు అవసరం ఎందుకు కలిగినది?

డ్రమ్ము బ్రేకులో ఒక విశేషం కలదు. తిరుగుచున్న డ్రమ్ము తనకు తగిలిన ముందు షూను తనతోపాటు లాగి మరింత గట్టిగా అదుముకొంటుంది. అనగా బ్రేకు తనకు తానే కొంత సాయం చేసుకొంటుంది. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే ఉన్న పాతకాలపు అంబాసిడర్ కార్లు పాదబలంతోనే ఆగగలుగుటకు ఇది ఒక కారణం.

డిస్కు బ్రేకులో ఈ స్వయంసహాయం లేదు. డిస్కు వేడిని త్వరగా విడిచిపెడుతుంది, వానలో తడిసినా త్వరగా ఆరుతుంది, పట్టు నిలకడగా ఉంటుంది. కాని ప్యాడ్లను అదుముటకు కావలసిన బలమంతా బయటినుండే రావలెను. బండ్ల వేగం పెరిగినది, బరువు పెరిగినది, డిస్కులు వచ్చినవి. మనిషి కాలిబలం మాత్రం పెరుగలేదు. ఆ లోటును పూడ్చుటకు వచ్చినదే బూస్టరు.

బెల్జియం దేశపు ఇంజనీరు ఆల్బర్ట్ దెవాండ్ర్ 1927లో ఇంజనులోని శూన్యాన్ని ఉపయోగించి పనిచేయు బ్రేకు సహాయక యంత్రాన్ని తయారుచేసినాడు. జర్మనీలోని బాష్ సంస్థ దానిని బాష్–దెవాండ్ర్ అను పేరుతో ప్రచారంలోకి తెచ్చినది. నేడు మనం చూచు బూస్టరు ఆ ఆలోచనకు వారసురాలే.

శూన్యం లాగదు, గాలి నెడుతుంది

ఇక్కడ విద్యార్థులు తరచుగా పొరబడు విషయం ఒకటి ఉన్నది. 'వాక్యూమ్ బ్రేకును లాగుతుంది' అని షెడ్లలో అంటారు. నిజానికి శూన్యానికి లాగే శక్తి లేదు. కొబ్బరిబొండంలో గొట్టం పెట్టి పీల్చునపుడు మన నోరు నీటిని పైకి లాగుట లేదు. నోటిలో గాలి పీడనం తగ్గినందువలన బొండంలోని నీటిపై ఒత్తుచున్న బయటి గాలి ఆ నీటిని పైకి నెట్టుచున్నది. మందు లేని సిరంజి మూతిని వేలితో మూసి పిడిని వెనుకకు లాగి విడిచితే అది తటాలున లోనికి పోతుంది. దానిని లోనికి నెట్టినది బయటి గాలియే.

సముద్రమట్టం వద్ద ప్రతి చదరపు సెంటీమీటరుపై వాతావరణం సుమారు 1.03 కిలోగ్రాముల బలంతో ఒత్తుతుంది. మన చుట్టూ ఎల్లవేళలా ఉన్న ఈ ఒత్తిడి రెండు వైపులా సమానంగా ఉండుటచే మనకు తెలియదు. ఒక పళ్లెమునకు ఒక పక్కన గాలిని తీసివేసినపుడు మాత్రమే రెండవ పక్కనున్న గాలి తన జోరును చూపుతుంది. జర్మనీలోని మాగ్డెబర్గ్ నగరానికి చెందిన ఓటో ఫాన్ గెరిక్ పదిహేడవ శతాబ్దంలో రెండు లోహపు అర్ధగోళాలను జతచేసి, లోపలి గాలిని తోడివేసి, ఇరువైపులా గుర్రాలను కట్టి లాగించినా అవి విడిపోలేదన్న కథ మనం చదివినదే. బ్రేకు బూస్టరు ఆ ప్రయోగాన్నే ప్రతి దినం మన కాలి కింద జరుపుచున్నది.

నిర్మాణం

బానెట్టు ఎత్తి చూచితే డ్రైవరు ఎదుట గోడకు ఆనుకొని, రెండు స్టీలు పళ్లెములను బోర్లించి అంచులు కలిపినట్లున్న నల్లని గుండ్రని డబ్బా ఒకటి కనబడుతుంది. అదే బూస్టరు. దాని ముందుభాగానికి మాస్టర్ సిలిండరు బిగించబడి ఉంటుంది. వెనుక నుండి పెడలు కడ్డీ దానిలో ప్రవేశిస్తుంది.

డబ్బా లోపల మధ్యగా రబ్బరు డయాఫ్రమ్ ఒకటి అడ్డుతెరవలె ఉండి దానిని రెండు గదులుగా విభజిస్తుంది. మాస్టర్ సిలిండరు వైపున్నది ముందు గది. డ్రైవరు వైపున్నది వెనుక గది. ముందు గదికి లావుపాటి రబ్బరు గొట్టం ద్వారా ఇంజనుతో గాని, వాక్యూమ్ పంపుతో గాని సంబంధం ఉంటుంది. ఆ గొట్టం చేరుచోట గాలిని బయటకు పోనిచ్చి తిరిగి లోనికి రానీయని ఏకదిశా వాల్వు కలదు. డయాఫ్రమ్ నడుమ ఒక గట్టి బుడిపె, దానిలో కంట్రోలు వాల్వు, పెడలు కడ్డీతో కదలు చిన్న ప్లంజరు, దాని ముందు ఒక రబ్బరు బిళ్ల, ఆ బిళ్ల ముందు మాస్టర్ సిలిండరును నెట్టే పుష్‌రాడ్ వరుసగా ఉంటాయి. డయాఫ్రమ్‌ను వెనుకకు తెచ్చుటకు ముందు గదిలో పెద్ద స్ప్రింగు ఒకటి అమర్చబడి ఉంటుంది.

పనిచేయు నాలుగు దశలు

మొదటిది విశ్రాంతి దశ. పెడలుపై కాలు లేనపుడు రెండు గదుల మధ్య దారి తెరచి ఉంటుంది. బయటి గాలి వచ్చు దారి మూసి ఉంటుంది. ఇంజను నడుచుచుండగా రెండు గదులలోను పాక్షిక శూన్యం నెలకొంటుంది. డయాఫ్రమ్‌కు ఇరువైపులా పీడనం సమానం. కనుక అది కదలదు. స్ప్రింగు దానిని వెనుకకు ఆనించి ఉంచుతుంది.

రెండవది అదుము దశ. డ్రైవరు పెడలును తొక్కగానే ప్లంజరు ముందుకు జరుగుతుంది. మొదట రెండు గదుల మధ్య దారి మూసుకొంటుంది. ఆ వెంటనే బయటి గాలి దారి తెరచుకొంటుంది. చిన్న వడపోత గుండా గాలి వెనుక గదిలోనికి చొరబడుతుంది. ముందు గదిలో శూన్యం అలాగే ఉన్నది. అందువలన డయాఫ్రమ్ ముందుకు నెట్టబడి, ఆ బలం రబ్బరు బిళ్ల ద్వారా, పుష్‌రాడ్ ద్వారా మాస్టర్ సిలిండరు పిస్టనుకు చేరుతుంది. ఈ మార్గంలో పాదబలమూ, గాలి బలమూ కలిసి ప్రయాణిస్తాయని గమనించవలెను.

మూడవది నిలుపు దశ. డ్రైవరు పెడలును కొంతవరకు తొక్కి అక్కడే ఉంచినాడనుకొందాము. ప్లంజరు ఆగినది. కాని డయాఫ్రమ్ ఇంకా కొద్దిగా ముందుకు సాగి, తనతోపాటు కదలు వాల్వు పీఠంతో గాలి దారిని తానే మూసివేస్తుంది. ఇప్పుడు రెండు దారులూ మూసి ఉన్నవి. వెనుక గదిలో ప్రవేశించిన గాలి అక్కడే నిలిచి, బలం స్థిరంగా ఉంటుంది. కాలు మరికొంత కదిలితే మరికొంత గాలి వస్తుంది. యజమాని ఎంత అడిగితే అంతే వడ్డించి ఆగిపోవు సేవకునివలె బూస్టరు నడచుకొంటుంది.

నాలుగవది విడుపు దశ. కాలు తీయగానే ప్లంజరు వెనుకకు వచ్చి గాలి దారిని మూసి, గదుల మధ్య దారిని తెరుస్తుంది. వెనుక గదిలోని గాలి ముందు గదిలోనికి, అక్కడి నుండి ఇంజనులోనికి పీల్చుకొనబడుతుంది. స్ప్రింగు డయాఫ్రమ్‌ను యథాస్థానానికి చేరుస్తుంది. పుష్‌రాడ్ వెనుకకు తగ్గి మాస్టర్ సిలిండరు విశ్రమిస్తుంది.

రబ్బరు బిళ్ల చేయు న్యాయం

బూస్టరులో అన్నిటికంటె చిన్నదీ, మా దృష్టిలో అన్నిటికంటె చమత్కారమైనదీ ఆ రబ్బరు బిళ్లయే. అది లేనిచో డ్రైవరుకు తాను ఎంత గట్టిగా బ్రేకు వేయుచున్నదీ తెలియదు. చిన్న స్పర్శకే చక్రాలు బిగుసుకొని బండి జారిపోవు ప్రమాదం ఉంటుంది.

ఆ బిళ్ల వెనుక ముఖాన్ని నడుమ ప్లంజరు, చుట్టూ డయాఫ్రమ్ బుడిపె ఒత్తుతాయి. ముందు ముఖం పూర్తిగా పుష్‌రాడ్‌కు ఆని ఉంటుంది. అన్నివైపులా బిగించబడిన రబ్బరు కుంచించుకొనజాలదు, ఎటూ పారిపోజాలదు. కనుక అది దాదాపు ద్రవంవలె ప్రవర్తించి, తనలోని పీడనాన్ని అంతటా సమానంగా ఉంచుతుంది. పాస్కల్ సూత్రం ఇక్కడ ఘనపదార్థంలో మరొకసారి దర్శనమిచ్చుచున్నది. బిళ్ల మొత్తం వైశాల్యం 8 చదరపు సెంటీమీటర్లు, ప్లంజరు తాకు భాగం 2 చదరపు సెంటీమీటర్లు అయినచో, పుష్‌రాడ్‌పై పడు బలం ప్లంజరుపై పడు బలానికి నాలుగు రెట్లు ఉండవలెను. అందులో ఒక పాలు పాదానిది, మూడు పాళ్లు గాలిది. మాస్టర్ సిలిండరు నుండి వచ్చు ప్రతిచర్యలో నాలుగవ వంతు తిరిగి పాదానికి చేరుతుంది. ఆ ఎదురుతోపుడు వలననే డ్రైవరు బ్రేకు బలాన్ని తన పాదంతో తూచి చూడగలుగుచున్నాడు.

ఒక లెక్క

ఈ విషయాన్ని అంకెలతో పరిశీలింతము. లెక్క సులభమగుటకై స్ప్రింగు బలాన్ని, రబ్బర్ల ఘర్షణను విడిచిపెట్టినాము. బలాలన్నీ షెడ్లలో వాడు కిలోగ్రాములలోనే ఇచ్చినాము. న్యూటన్లు కావలసినవారు 9.8తో గుణించుకొనవచ్చును.

డయాఫ్రమ్ వ్యాసం 20 సెంటీమీటర్లు అనుకొందాము. వైశాల్యం సుమారు 314 చదరపు సెంటీమీటర్లు. రెండు గదుల మధ్య పీడనభేదం చదరపు సెంటీమీటరుకు 0.65 కిలోగ్రాములు అయినచో గాలి ఇవ్వగల గరిష్ఠ సహాయం 314 × 0.65, అనగా సుమారు 204 కిలోగ్రాములు. నలుగురు మనుషుల బరువుకు తక్కువ లేదు.

డ్రైవరు పెడలును 15 కిలోగ్రాముల బలంతో తొక్కినాడు. పెడలు ఒక లీవరు. దాని నిష్పత్తి 4 అయినచో ప్లంజరుకు చేరు బలం 60 కిలోగ్రాములు. రబ్బరు బిళ్ల నిష్పత్తి 4 కనుక పుష్‌రాడ్ బలం 240 కిలోగ్రాములు. ఇందులో గాలి వాటా 180. మాస్టర్ సిలిండరు పిస్టను వైశాల్యం 4 చదరపు సెంటీమీటర్లు అయినచో ఆయిలులో పీడనం చదరపు సెంటీమీటరుకు 60 కిలోగ్రాములు. చక్రం వద్ద 20 చదరపు సెంటీమీటర్ల వైశాల్యం గల పిస్టను దీనివలన 1,200 కిలోగ్రాముల బలంతో ప్యాడును అదుముతుంది. పదిహేను ఎక్కడ, పన్నెండు వందలు ఎక్కడ!

అయితే ప్రకృతి దేనినీ ఉచితంగా ఇవ్వదు. లీవరు వద్దను, పిస్టన్ల వద్దను బలం పెరిగినంత మేర కదలు దూరం తగ్గుతుంది. బూస్టరు వద్ద మాత్రం దూరం తగ్గకుండా బలం పెరుగుచున్నది. ఆ అదనపు పనికి మూల్యం చెల్లించునది ఇంజను. గాలిని తోడి శూన్యాన్ని ముందుగా సిద్ధపరచినది అదియే గదా!

గాలి సాయానికి హద్దు కూడా ఉన్నది. పై లెక్కలో పాదబలం 17 కిలోగ్రాములకు చేరినపుడు ప్లంజరుపై బలం 68, గాలి వాటా 204. వెనుక గది అప్పటికి పూర్తిగా గాలితో నిండినది. అటుపైన గాలి ఇవ్వగలిగినది ఏమీ లేదు. పాదబలం 27 కిలోగ్రాములకు పెంచినా పుష్‌రాడ్ బలం 432 కాదు, 108కి 204 కలిపి 312 మాత్రమే.

బయటి గాలి పలుచనైన చోట ఈ హద్దు ఇంకా ముందే వస్తుంది. సముద్రమట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్ పట్టణంలో వాతావరణ పీడనం మన ఊరిలో ఉన్నదానికి మూడింట రెండు వంతులే. అక్కడ అదే బూస్టరు అంత సాయం చేయలేదు.

డీజిలు బండ్లు, ఆర్.టి.సి. బస్సులు

పెట్రోలు ఇంజనులో గాలి ప్రవేశించు మార్గానికి ఒక రెక్క అడ్డుగా ఉంటుంది. కాలు యాక్సిలరేటరుపై నుండి తీయగానే ఆ రెక్క మూసుకొని, దాని వెనుక పిస్టన్లు పీల్చుటచే శూన్యం తానుగా ఏర్పడుతుంది. బ్రేకు వేయవలసిన వేళకే శూన్యం అధికంగా దొరుకుట ఒక అనుకూలత. డీజిలు ఇంజనులో సాధారణంగా వేగాన్ని డీజిలు పరిమాణంతోనే అదుపు చేస్తారు. గాలిని అడ్డగించి శూన్యం కలిగించు ఏర్పాటు ఉండదు. అందువలన వాక్యూమ్ పంపు ప్రత్యేకంగా కావలెను. చాలా బండ్లలో అది ఆల్టర్నేటరు వెనుక భాగాన అమర్చబడి దానితోపాటే తిరుగుతుంది. అట్టి బండిలో బెల్టు తెగితే బ్యాటరీ చార్జింగుతోపాటు బ్రేకు సాయం కూడా పోతుంది. డ్యాష్‌బోర్డుపై వెలుగు ఎర్రదీపాన్ని బ్యాటరీ దీపమని నిర్లక్ష్యం చేయువారు ఈ సంగతిని గుర్తుంచుకొనవలెను.

మన బస్‌స్టాండులో బస్సు ఆగినపుడు 'ఉస్సు'మని వినబడు శబ్దం వేరు. పెద్ద బస్సులు, లారీలలో వాతావరణపు గాలికి బదులు కంప్రెసరుతో బిగించి ట్యాంకులలో నిలువచేసిన గాలి పనిచేస్తుంది. అందులో చక్రాల వద్దకు గాలియే పోతుంది. మాస్టర్ సిలిండరు ఉండదు, మనం చెప్పుకొన్న బూస్టరు ఉండదు. విద్యుత్తు కార్లలో ఇంజనే లేదు కనుక విద్యుత్తు పంపుతో శూన్యం కలిగించుటయో, మోటారుతో నేరుగా పుష్‌రాడ్‌ను నెట్టుటయో చేస్తారు. బాష్ సంస్థ 2013లో తెచ్చిన ఐబూస్టరు ఈ రెండవ తరగతికి చెందినది. బలం పుట్టు చోటు మారినా అది చేరు గమ్యం మాత్రం మాస్టర్ సిలిండరే.

ఇంజను ఆపి దిగుట – ఆదాకు ఆశపడి ఆపద

దిగుడులో ఇంజను ఆపివేసి బండిని జారవిడిచితే డీజిలు మిగులుతుందన్న అలవాటు కొందరిలో ఉన్నది. పైన చెప్పిన సూత్రాలు తెలిసినవారు ఈ పని చేయరాదు, చేయనీయరాదు. ఇంజను ఆగిన క్షణం నుండి కొత్త శూన్యం పుట్టదు. ఏకదిశా వాల్వు కాపాడిన శూన్యం ముందు గదిలో కొద్దిగా నిలువ ఉంటుంది. దానితో రెండు మూడు మారులు బ్రేకు వేయవచ్చును. ఒక్కొక్క మారు కొంత గాలి లోనికి చేరి నిలువ తరిగిపోతుంది. ఆ తరువాత పెడలు రాయివలె బిగుసుకొంటుంది.

అప్పుడు బ్రేకు పూర్తిగా లేదని అర్థం కాదు. ప్లంజరు ముందుకు సాగి అన్నిటినీ నేరుగా నెట్టు లోహపు మార్గం ఎల్లప్పుడూ ఉంటుంది. కాని మన లెక్క ప్రకారం, ముందు 15 కిలోగ్రాములతో లభించిన పీడనానికి ఇప్పుడు 60 కిలోగ్రాములు కావలెను. తెలియక అదే 15 కిలోగ్రాములతో తొక్కినవానికి నాలుగవ వంతు బ్రేకు మాత్రమే దొరుకుతుంది. దాని ఫలితం చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగం అనగా సెకనుకు 16.7 మీటర్లు. సెకనుకు సెకనుకు 6 మీటర్ల చొప్పున వేగం తగ్గితే బండి సుమారు 23 మీటర్లలో ఆగుతుంది. ఆ తగ్గుదల నాలుగవ వంతు, అనగా 1.5 అయితే సుమారు 93 మీటర్లు పోతుంది. ఎదుటి దృశ్యం చూచి కాలు పెడలుపైకి చేరుటకు ఒక సెకను పట్టినా మరి 17 మీటర్లు కలుపుకొనవలెను. నలభై మీటర్లలో ఆగవలసిన బండి నూటపది మీటర్లు పోతుంది. ఆ డెబ్భై మీటర్లలో ఒక బడి ఉండవచ్చును, ఒక సంత ఉండవచ్చును.

భద్రాచలం దాటి చింతూరు – మారేడుమిల్లి ఘాట్ రోడ్డు వంటి చోట్ల మరొక అపాయం కూడా కలదు. 1,500 కిలోగ్రాముల బండి గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోవునపుడు దాని గతిజశక్తి సుమారు 2.08 లక్షల జౌళ్లు. అదే బండి 100 మీటర్ల నిలువు ఎత్తు దిగునపుడు విడుదలగు స్థితిజశక్తి 14.7 లక్షల జౌళ్లు. అనగా దాదాపు ఏడు మారులు పూర్తిగా ఆపినంత వేడి. ఇదంతా బ్రేకులపైనే వేసితే లైనర్లు పట్టు కోల్పోతాయి, బ్రేకు ఆయిలు మరుగుతుంది. అపుడు బూస్టరు ఎంత మంచిదైనను ప్రయోజనం లేదు. ఎక్కుటకు ఏ గేరు అవసరమో దిగుటకూ దాదాపు అదే గేరులో, ఇంజను నడుస్తూ ఉండగా దిగవలెనన్న పెద్దల మాట శాస్త్రసమ్మతమైనది. న్యూట్రల్‌లో ఇంజను నడుచుచున్నచో బూస్టరు పనిచేస్తుంది కాని, ఇంజను బండిని పట్టి ఉంచు మేలు పోతుంది.

ఎవరైనను చేయదగిన మూడు పరీక్షలు

బూస్టరు ఆరోగ్యాన్ని తెలుసుకొనుటకు పానా కూడా అవసరం లేదు. బండిని సమతలంలో నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, గేరును న్యూట్రల్‌లో ఉంచి ఈ పరీక్షలు చేయవచ్చును.

ఒకటి: ఇంజను ఆపి, పెడలు గట్టిపడువరకు ఐదారు మారులు తొక్కవలెను. తొక్కిన కాలు అలాగే ఉంచి ఇంజనును స్టార్టు చేయవలెను. పెడలు కాలి కింద కొద్దిగా దిగినచో బూస్టరు సాయానికి వచ్చినదని అర్థం. దిగకపోతే గొట్టం, వాల్వు, పంపు, డయాఫ్రమ్ వీటిలో ఏదో చెడినది.

రెండు: ఇంజనును ఒకటి రెండు నిమిషాలు నడిపి ఆపవలెను. పిమ్మట పెడలును కొంత వ్యవధితో తొక్కవలెను. మొదటి మారు లోతుగా, తరువాత క్రమంగా పైననే ఆగినచో శూన్యం నిలువ ఉన్నదని అర్థం. మొదటి మారే గట్టిగా ఉన్నచో ఏకదిశా వాల్వునో గొట్టాన్నో అనుమానించవలెను.

మూడు: ఇంజను నడుచుచుండగా పెడలును తొక్కి ఉంచి, ఇంజను ఆపి, అర నిమిషం అదే బలంతో ఉండవలెను. పెడలు ఎత్తు మారకుండిన బూస్టరులోనికి గాలి కారుట లేదు.

లక్షణాలను బట్టి రోగాన్ని వేరుచేయుట కూడా నేర్చుకొనవలెను. పెడలు రాయివలె ఉన్నచో లోపం చాలావరకు బూస్టరు వైపు ఉంటుంది. స్పాంజివలె మెత్తగా ఉన్నచో ఆయిలు పైపులలో గాలి చేరినది. తొక్కి ఉంచగా మెల్లమెల్లగా కిందికి దిగుచున్నచో మాస్టర్ సిలిండరు వాషర్లు అరిగినవి. తొట్టిలో ఆయిలు తరుగుచున్నా బయట ఎక్కడా తడి కనిపించనిచో అది మాస్టర్ సిలిండరు వెనుక నుండి బూస్టరులోనికి కారుచున్నదేమో చూడవలెను. కొత్త బూస్టరు వేసిన పిదప బ్రేకులు వదలక పట్టుకొనుచున్నచో పుష్‌రాడ్ పొడవు ఎక్కువై, విశ్రాంతి దశలో కూడా తొట్టి రంధ్రం మూసుకొని ఉండవచ్చును. తక్కువైనచో పెడలు వృథాగా కొంత దూరం పోతుంది. బ్రేకు ఆయిలు పేరుకు ఆయిలే గాని ఇంజను ఆయిలు జాతికి చెందినది కాదు. దానికి బదులుగా ఇతర నూనెలు పోసితే రబ్బర్లు ఉబ్బి చెడిపోతాయి. అది గాలిలోని తేమను పీల్చుకొను స్వభావం కలది కనుక తయారీదారు చెప్పిన గడువుకు మార్చవలెను.

ముగింపు

పాదం నుండి పెడలు, పెడలు నుండి ప్లంజరు, ప్లంజరు నుండి రబ్బరు బిళ్ల, అక్కడ గాలి సాయాన్ని కలుపుకొని పుష్‌రాడ్, పుష్‌రాడ్ నుండి మాస్టర్ సిలిండరు, అటుపైన ద్రవపీడనంగా మారి చక్రాలు: ఇదీ బలం నడిచిన దారి. లీవరు సూత్రం, వాతావరణ పీడనం, పాస్కల్ సూత్రం, చర్య – ప్రతిచర్యల నియమం, శక్తి నిత్యత్వం ఇవన్నీ మనం వేర్వేరు పాఠాలుగా చదివినవి. ఈ నల్లని డబ్బాలో అవన్నీ ఒకేచోట కలిసి పనిచేయుచున్నవి.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. విజయవాడ ఆటోనగర్‌లో పాత సామాను అమ్ము దుకాణాలు ఎన్నో ఉన్నవి. అక్కడి నుండి పనికిరాని బూస్టరును, మాస్టర్ సిలిండరును తెప్పించి, ఒక పక్క కోయించి, లోపలి భాగాలకు ఉర్దూలోను తెలుగులోను పేర్లు వ్రాయించి మన భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఉంచినచో, బల్లపై గీసిన పటం చెప్పలేనిది అది చెప్పగలదు. విద్యార్థి మిత్రులకు మా కోరిక ఇంకొకటి. ఈ సెలవులలో మీ ఇంటి బండికో, పొరుగువారి బండికో పై మూడు పరీక్షలు చేసి చూడండి. దిగుడులో ఇంజను ఆపవద్దని చెప్పునపుడు ఎందుకు ఆపరాదో కూడా వివరించి చెప్పండి. కారణం తెలిసినవాడు ఆ మాటను మరువడు.